రణరంగ చౌక్ దగ్గర అలసట లెక్క

చదరంగంలో బంటుకు ఆకలి వేయదు. పులిజూదంలో పదిహేను మేకల్లో పది పోయినా మిగిలిన అయిదూ "ఈ ఆట మాకొద్దు" అని గీతలు దాటి వెళ్లిపోవు. మన పెద్దలు ఆడిన యుద్ధపు ఆటల్లో రాజు ఉన్నాడు, మంత్రి ఉన్నాడు, ఏనుగులూ గుర్రాలూ ఉన్నాయి. వాటికి మేత పండించే ఊరు మాత్రం గళ్ల బయటే ఉండిపోయింది. ఊరిని గళ్లలోకి తేవాలంటే ప్రతి ఎత్తుకూ వందల లెక్కలు వేయాలి. విసుగెరగని ఆ గుమాస్తా పనికి కంప్యూటరు కావలసి వచ్చింది.

1991లో అమెరికాలో సిడ్ మయర్ అనే ఆటల రూపకర్త మైక్రోప్రోస్ కంపెనీ తరఫున 'సివిలైజేషన్' అనే ఆట తెచ్చాడు. అందులో ప్రతి నగరానికీ జనం ఉంటారు. కొందరు సంతోషంగా, కొందరు మామూలుగా, కొందరు అసంతృప్తితో ఉంటారు. అసంతృప్తుల తలలు సంతోషపరుల తలలను మించితే నగరంలో అల్లరి మొదలవుతుంది. పన్ను రాదు, పని సాగదు. ఇక్కడే ఆయన ఒక చమత్కారమైన నిబంధన పెట్టాడు. మీ రాజ్యం రిపబ్లిక్ అయితే, ఊరు విడిచి పోరుకు వెళ్లిన ప్రతి దళానికీ సొంత ఊళ్లో ఒక మనిషి అసంతృప్తుడవుతాడు. ప్రజాస్వామ్యమైతే ఇద్దరు. అల్లరి చల్లారకపోతే ప్రజాస్వామ్య ప్రభుత్వమే కూలిపోతుంది. నియంత రాజ్యంలో ఈ బెడద లేదు. పైగా ఊళ్లో సైన్యాన్ని కూర్చోబెడితే జనం నోళ్లు మూతపడతాయి.

ఈ నిబంధన ఎందుకు? నీతి బోధించడానికి పెట్టారనుకుంటే పొరపాటు. వ్యూహపు ఆటలన్నిటికీ పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. గెలిచినవాడికి భూమి వస్తుంది, భూమితో డబ్బు, డబ్బుతో సైన్యం, సైన్యంతో మళ్లీ గెలుపు. ఇరవయ్యో టర్నులో కాస్త ముందున్నవాడు నూరో టర్నుకు అందనంత దూరంలో ఉంటాడు. తర్వాత మూడు గంటలు ఆడటం వృథా. అందుకని గెలిచేవాడి చక్రానికి ఒక బ్రేకు కావాలి. యుద్ధంతో జనం అలసిపోవడం అనేది ఆ బ్రేకు. 1997లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' లాంటి ఆటల్లో ఈ బ్రేకు లేదు. అందులో పల్లెవాడు రాత్రనక పగలనక కట్టెలు కొడుతూనే ఉంటాడు, కూలి అడగడు, కునుకు తీయడు. మన వ్యవసాయ కార్మిక సంఘాల కంటపడలేదు గనుక సరిపోయింది.

బ్రేకు పెట్టడం తేలికే. ఎంత గట్టిగా పెట్టాలన్నదే చిక్కు. వదులుగా ఉంటే ఆడేవాడు దాన్ని పట్టించుకోడు. బిగిస్తే ఒక్క ఓటమితో రాజ్యమంతా కుప్పకూలి, ఆడేవాడు విసిగి ఆట మూసేస్తాడు. ఈ నడిమి దారి ఎక్కడుందో చూడాలంటే ఒక చిన్న లెక్క అవసరం.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతుకు ఈ లెక్క నేర్పక్కర్లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఏ పొలానికైనా రెండు కాలువలు ఉండాలి. నీరు తెచ్చే పంట కాలువ ఒకటి, నీరు తీసే మురుగు కాలువ ఒకటి. పొలంలో ఎంత నీరు నిలుస్తుందన్నది రెంటి మీదా ఆధారపడుతుంది. అలసట కూడా అలా నిలిచే సరుకే. ప్రతి టర్నూ యుద్ధం 5 పాయింట్ల అలసట తెస్తుందనుకోండి. ఉన్న అలసటలో పదో వంతు జనం మరిచిపోతారనుకోండి. మొదటి టర్నుకు 5, రెండో టర్నుకు 9.5, మూడో టర్నుకు 13.55. ఇలా పెరిగి పెరిగి 50 దగ్గర ఆగుతుంది. అక్కడ పదో వంతు అంటే సరిగ్గా 5, వచ్చిందీ పోయిందీ సమానం. యుద్ధం ఆపేస్తే ఏడో టర్నుకు ఆ 50 సగం లోపుకు దిగుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అలసిన ఊరు తక్కువ పని చేస్తుంది. పని తగ్గితే సైన్యానికి సరుకు తగ్గుతుంది, యుద్ధం సాగుతుంది, అలసట ఇంకా పెరుగుతుంది. ఈ వెనుతిరిగే దెబ్బను కూడా కలుపుదాం. ఉన్న అలసటలో ప్రతి నూరు పాయింట్లకూ ఇంకో 5 పాయింట్లు వచ్చి పడతాయనుకుంటే, హద్దు 50 నుంచి 100కు జరుగుతుంది. కష్టమే అయినా తట్టుకోవచ్చు. అదే నూటికి 5 బదులు నూటికి 10 అనుకోండి. పోయేదీ పదో వంతు, తిరిగి వచ్చేదీ పదో వంతు. పాత అలసట ఎప్పటికీ తగ్గదు, కొత్తది టర్నుకు 5 చొప్పున పేరుతూనే ఉంటుంది. హద్దు అన్నదే లేదు. ఒక చిన్న అంకె 5 నుంచి 10కి మారితే, ఓర్చుకోదగ్గ యుద్ధం రాజ్యాన్ని మింగే యుద్ధమైపోయింది. ఆటల రూపకర్తలు నెలల తరబడి పరీక్షించేది ఇలాంటి అంకెలనే.

ఈ లెక్కలను ఆటల కంటే చాలా ముందే వేసినవాడు ఒకాయన ఉన్నాడు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త. వాతావరణాన్ని సమీకరణాలతో ముందే లెక్కగట్టవచ్చని 1922లో పుస్తకం రాసినవాడు. క్వేకర్ మతస్థుడు గనుక మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టలేదు; ఫ్రాన్స్ యుద్ధరంగంలో అంబులెన్సు నడిపాడు. వాతావరణ శాఖను వైమానిక శాఖలో కలిపినప్పుడు 1920లో ఉద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత యుద్ధాల మీద గణితం ప్రయోగించాడు. 1948లో ఆయన ప్రచురించిన వ్యాసాల్లో యుద్ధోన్మాదమూ యుద్ధపు విసుగూ రెండూ అంటువ్యాధుల్లా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయని సమీకరణాలు రాశాడు. పైకి శత్రువును తిడుతూ లోపల విసిగిపోయిన మనిషికి కూడా ఆయన లెక్కలో చోటుంది. చాలా ఆటల్లో ఇప్పటికీ ఆ మనిషికి చోటు లేదు.

మరో సంగతి అమెరికాలో రాజనీతి శాస్త్రవేత్త జాన్ ముల్లర్ చూపించాడు. కొరియా, వియత్నాం యుద్ధాల్లో ప్రజల మద్దతును సైనిక నష్టాల పక్కన పెట్టి చూస్తే, నష్టాలు పదింతలైన ప్రతిసారీ మద్దతు సుమారు 15 శాతం పాయింట్లు పడిపోయింది. అంటే నూరు నుంచి వెయ్యికి చేరినప్పుడు ఎంత పడిందో, వెయ్యి నుంచి పదివేలకు చేరినప్పుడూ అంతే. మొదట పోయిన ప్రాణాలు దేశాన్ని ఎక్కువ కుదిపేస్తాయి, తర్వాతవి వార్తల్లో కలిసిపోతాయి. వినడానికి కఠినంగా ఉన్నా లెక్క అది.

ఆటలు ఏం చేస్తున్నాయో చూడండి. 2016 నాటి 'సివిలైజేషన్' ఆరో భాగంలో ప్రతి పోరాటానికీ అలసట పాయింట్లు చేరతాయి. సొంత నేల మీద తక్కువ, పరాయి నేల మీద ఎక్కువ. ప్రతి 400 పాయింట్లకూ నగరాలు ఒక సౌకర్యం కోల్పోతాయి. యుద్ధం సాగుతుంటే టర్నుకు 50, శాంతి ఉంటే 200 తగ్గుతాయి. సంధి మీద సంతకం పెట్టగానే ఒక్కసారిగా 2000 తుడిచిపెట్టుకుపోతాయి. 2013లో స్వీడన్ కంపెనీ పారడాక్స్ తెచ్చిన 'యూరోపా యూనివర్సాలిస్' నాలుగో భాగంలో అలసట 0 నుంచి 20 దాకా పెరుగుతుంది. దౌత్య పాయింట్లు 75 ఖర్చు పెడితే 2 తగ్గుతుంది. జనం కోపం కొనుక్కోదగ్గ సరుకన్నమాట.

సంధి సంతకంతో కోపం తుడిచిపెట్టుకుపోతుందన్న ఆ 2000 పాయింట్ల నిబంధన దగ్గర నాకు నమ్మకం కుదరదు. కారణం గుంటూరు జిల్లా చరిత్ర. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలు మూడూ రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో ఆ జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల విడి జిల్లా అయింది, రేపల్లె దానిలోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది.

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. ఆ యుద్ధం కృష్ణా డెల్టాలో ఒక్క గుండు కూడా పేలకుండా సాగింది. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు దారి వేసింది కూడా ఆ యుద్ధకాలంలోనే, 1916లో. కానీ ధరలు పెరిగాయి. 1918లో మద్రాసు రాజధానిలో చాలాచోట్ల జనం బజార్లలో ధాన్యం దోచుకున్నారు. అదే ఏడు వానలు ముఖం చాటేశాయి, ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆట నిబంధన ప్రకారం చూస్తే 1919 నాటికి జనం చల్లబడాలి. వాళ్లు చల్లబడలేదు. జిల్లా ఉడుకెత్తింది 1921లో.

ఆ ఏడు చీరాలలో జరిగింది ప్రపంచంలో ఏ ఆటలోనూ నేను చూడలేదు. చీరాల, పేరాలలను కలిపి 1919లో మున్సిపాలిటీ చేశారు. అంతకు ముందు ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు చేరింది. జనం ఎక్కువగా నేతపనివాళ్లు, చిన్న రైతులు. మున్సిపాలిటీ మాకొద్దన్నారు, ప్రభుత్వం వినలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. అహింసగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే ఖాళీ చేసి పోవడం ఇంకో దారి అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు రెండో దారి పట్టింది. పదిహేను వేల జనాభాలో అత్యధికులు ఇళ్లు వదిలి, మున్సిపాలిటీ సరిహద్దు బయట పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఎండ, వాన, చలి అన్నీ చూశారు. దుగ్గిరాలను ప్రభుత్వం జైలుకు పంపింది.

ఆటలో అసంతృప్తుడు పని మానేస్తాడు, లేదా తిరుగుబాటుదారుడై కత్తి పడతాడు. 'సివిలైజేషన్' ఆరో భాగానికి 2018లో వచ్చిన అనుబంధంలో విశ్వాసం తగ్గిన నగరం విడిపోయి స్వతంత్ర నగరమవుతుంది. చీరాల వాళ్లు ఈ మూడూ చేయలేదు. నగరాన్ని ప్రభుత్వానికి వదిలేసి, జనాభాను తీసుకుని పక్కకు జరిగారు. గోడలు మీవి, మేం మావాళ్లం అన్నారు. పన్ను వేసేవాడికి పన్ను కట్టేవాడే లేకుండా చేయడం అన్నమాట. ఈ ఎత్తును ఎవరైనా ఆటలో పెడితే చూడాలని ఉంది.

అదే సంవత్సరం చివర పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమి శిస్తు కట్టం అన్నారు. గ్రామాధికారులు రాజీనామాలు చేశారు. ఇది కూడా ఆటల వాళ్లు గమనించవలసిన సంగతి. శిస్తు కాగితం మీద అలాగే ఉంది, ఎగవేసిన రైతు అక్కడే ఉన్నాడు, కానీ వసూలు చేయవలసిన మునసబు, లెక్క రాయవలసిన కరణం లేరు. రాజ్యానికి ఆదాయం పోయింది అసంతృప్తి వల్ల అనడం కంటే, రాజ్యానికీ ఊరికీ మధ్యనున్న నలుగురైదుగురు పక్కకు తప్పుకోవడం వల్ల అనడం నిజానికి దగ్గర. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీ ఉద్యమం నిలిపివేశారు, పెదనందిపాడు కూడా ఆగింది.

యుద్ధం ముగిసిన మూడేళ్లకు ఇదంతా ఎందుకు జరిగింది? చీరాల గొడవకు తక్షణ కారణం మున్సిపల్ పన్ను, యుద్ధం కాదన్నది నిజమే. కానీ యుద్ధకాలంలో ఇచ్చిన మాటలూ పెరిగిన ధరలూ బాకీలై మిగిలాయి. స్వపరిపాలన వస్తుందనుకున్న చోట 1919లో రౌలట్ చట్టం వచ్చింది, జలియన్‌వాలా బాగ్ జరిగింది. పొలంలోకి వచ్చే నీరు ఆగింది సరే, మురుగు కాలువకు అడ్డుకట్ట పడింది. నీరు ఎలా పోతుంది? సంధి జరిగిన రోజున 2000 పాయింట్లు తుడిచే బదులు, యుద్ధకాలపు హామీలన్నిటినీ ఆ రోజున వసూలుకు తేవడం సరైన నిబంధన. తీర్చగలిగితే అలసట దిగుతుంది. తీర్చకపోతే శాంతిలో కూడా పెరుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి వద్దాం. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఎన్నికైన వాళ్లెవరినీ అడగలేదు. ఆ అక్టోబరు నెలాఖరున మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ తర్వాత గవర్నరు పాలన.

అప్పట్లో ఇక్కడ జనం మనసు కొలిచే అభిప్రాయ సర్వేలు లేవు, కానీ ఒక మీటరు ఉంది. అది వెండి రూపాయి. 1940లో ఫ్రాన్స్ పడిపోయిందన్న వార్త రాగానే దేశమంతటా జనం నోట్లు ఇచ్చి వెండి రూపాయలు తీసుకుని దాచిపెట్టారు. సర్కారు గెలుస్తుందన్న నమ్మకం ఎంతుందో ఇంటి అటక మీద తెలిసిపోయింది. ప్రభుత్వం అవసరానికి మించి నాణేలు పోగేయకూడదని ఉత్తర్వు చేసి, ఆ ఏడే ఒక రూపాయి నోటు తెచ్చింది. రూపాయిలో వెండిని పన్నెండింట పదకొండు పాళ్ల నుంచి సగానికి దించింది. ఎవరైనా వ్యూహపు ఆట చేస్తుంటే నాదొక సలహా: సంతోషాన్ని నవ్వు ముఖం బొమ్మతో చూపించకండి, దాచిన నాణేలతో చూపించండి.

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఏటా బర్మా నుంచి దేశంలోకి వచ్చే పది లక్షల టన్నులకు పైబడిన బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు నుంచి ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలిపోయాయి. పాలించేవాడే పెట్టె సర్దుకుంటుంటే చూసినవాడి మనసులో ఏ మీటరు ఎంత కదులుతుందో అంకెల్లో చెప్పడం కష్టం. బాంబు కంటే ఆ ఖాళీ కుర్చీల దెబ్బే పెద్దదని నా అభిప్రాయం.

ఇక్కడ డెల్టా ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. తెనాలి వైపు వరి పండించే మోతుబరి రైతుకు ఈ యుద్ధం పూర్తిగా చేదు కాదు. 1930ల మాంద్యంలో పడిపోయిన ధాన్యం ధర లేచింది, అప్పులు తీరాయి. దేశంలో టోకు ధరలు 1939 ఆగస్టుతో పోలిస్తే 1944-45 నాటికి దాదాపు రెండున్నర రెట్లయ్యాయి. అమ్మేవాడికి అది లాభం. కొనుక్కుతినే కూలీకి, జీతం పెరగని బడిపంతులికి, నూలు దొరకని చీరాల నేతగాడికి, కిరసనాయిలు కోసం వరుసలో నిలబడ్డ ఇల్లాలికి అదే శిక్ష. ప్రభుత్వం మిగులు జిల్లాల ధాన్యాన్ని సేకరించి మలబారు లాంటి లోటు ప్రాంతాలకు పంపడం మొదలుపెట్టాక రైతు లాభానికి కూడా కళ్లెం పడింది. ఒకే వీధిలో ఒక ఇంట్లో కొత్త మిద్దె, పక్క ఇంట్లో గంజి. ఈ ఊరికి ఒకే సంతోషపు అంకె ఎలా వేస్తాం? సగటు తీస్తే సున్నా వస్తుంది, ఊరు ప్రశాంతంగా ఉందనిపిస్తుంది. 1991 నాటి పాత ఆట ఈ విషయంలో నయం. అది తలలు లెక్కపెట్టింది. 2010లో వచ్చిన అయిదో భాగం రాజ్యమంతటికీ కలిపి ఒకే సంతోషపు అంకె పెట్టి వెనక్కి నడిచింది.

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. 9న నాయకుల అరెస్టు. 12న తెనాలి. హర్తాళ్ చేస్తున్న జనం రైల్వే స్టేషను మీదికి వెళ్లారు, స్టేషను తగలబడింది, పోలీసులు కాల్చారు, ఏడుగురు చనిపోయారు. ఆ ఏడుగురి స్మారకమే తెనాలి రణరంగ చౌక్. అంతకు ముందే, జులై నెలాఖరున, ఆంధ్ర కాంగ్రెసు కార్యదర్శి కళా వెంకటరావు పేరుతో ఒక రహస్య సర్క్యులర్ వెళ్లింది. ఉద్యమం దశలవారీగా ఎలా నడవాలో అందులో ఉంది. రైళ్లను గొలుసు లాగి ఆపడం, తంతి తీగలు తెంపడం, ఆఖర్న పన్నుల నిరాకరణ, ఇలా మెట్టు మీద మెట్టు. జనం మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కలేదు. నాయకులు జైల్లో పడ్డ మూడు రోజులకే తెనాలి మంటల్లో ఉంది.

మూడు రోజుల్లో ఒక పట్టణం అలా ఎలా మారిపోతుంది? 1978లో సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ దీనికి ఒక అందమైన లెక్క ఇచ్చాడు. నూరుగురు గుమిగూడారనుకోండి. ప్రతి మనిషికీ లోపల ఒక అంకె ఉంటుంది, ఎంతమంది ముందుకు దూకితే తానూ దూకుతాడో ఆ అంకె. మొదటివాడి అంకె సున్నా, ఎవరూ దూకకపోయినా దూకుతాడు. రెండోవాడిది ఒకటి, మూడోవాడిది రెండు, ఇలా ఆఖరివాడిది తొంభై తొమ్మిది. మొదటివాడు రాయి విసరగానే రెండోవాడు, ఇద్దరిని చూసి మూడోవాడు, చివరికి నూరుగురూ కదులుతారు. ఇప్పుడు ఒక్క మార్పు చేయండి. రెండోవాడి అంకెను ఒకటి నుంచి రెండుకు మార్చండి. మొదటివాడు రాయి విసురుతాడు, అంతే. ఇంకెవరూ కదలరు. ఆ గుంపు సగటు కోపం దాదాపు మారలేదు. ఒక ఊళ్లో స్టేషను తగలబడింది, ఇంకో ఊళ్లో ఒక్కడు అరెస్టయ్యాడు. పత్రికలు మొదటి ఊరిని ఉగ్రమని, రెండో ఊరిని సాత్వికమని రాస్తాయి!

అందుకే తెనాలి కోపం బాపట్ల కోపం కంటే ఎక్కువా తక్కువా అన్న చర్చ నాకు పనికిరానిదిగా తోస్తుంది. తెనాలి జంక్షను. విజయవాడ-మద్రాసు దారి మీద ఉంటూ, ఇటు గుంటూరుకు, అటు రేపల్లెకు చీలికలున్న చోటు. బొంబాయి వార్త, మద్రాసు పత్రిక, పక్క ఊరి పుకారు అన్నీ అక్కడ దిగుతాయి. రేపల్లె దారి చివర ఉంది. ఒకే కోపానికి జంక్షనులో ఒక ఫలితం, దారి చివర మరో ఫలితం రావచ్చు. ఆటల్లో రోడ్డు, రైలు వేస్తే సైన్యం వేగంగా నడుస్తుంది. కోపం కూడా అదే పట్టాల మీద నడవాలి. ఈ ఒక్క నిబంధన చేరిస్తే చాలు, రైలు వేయాలా వద్దా అని ఆడేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

అణచివేత మాటేమిటి? 2005 నాటి 'సివిలైజేషన్' నాలుగో భాగంలో జైలు కడితే యుద్ధపు అలసట 25 శాతం తగ్గుతుంది, మౌంట్ రష్‌మోర్ కడితే ఇంకో 25 శాతం, పోలీసు రాజ్యం ప్రకటిస్తే 50 శాతం. మూడూ కలిపితే నూటికి నూరు. అలసట సున్నా. ఆట ఆడేవాళ్లకు ఇది ఇష్టమైన ఎత్తు. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం కూడా ఇంచుమించు ఇదే ఆడింది. జైళ్లు నింపింది, పోలీసులను దింపింది, గొడవ జరిగిన ఊళ్ల మీద సామూహిక జరిమానాలు వేసేందుకు ఆర్డినెన్సు తెచ్చింది. ఊళ్లు బయటికి ఊరుకున్నాయి. మీటరు చూస్తే ప్రభుత్వం గెలిచినట్టే. రిచర్డ్‌సన్ లెక్కలోని ఆ మనిషి, బయటికి ఒకటి లోపల ఒకటి ఉన్నవాడు, ఇక్కడ కనిపిస్తాడు. యుద్ధం గెలిచిన రెండేళ్లకు ఆ ప్రభుత్వం దేశం వదిలి వెళ్లింది. నాలుగో భాగంలో అలసటను సున్నా చేసి గెలిచినవాడికి ఈ ముగింపు రాదు, అది ఆ ఆటలోని లోపం. 2018లో పోలండ్ వాళ్లు చేసిన 'ఫ్రాస్ట్‌పంక్' ఆశకూ అసంతృప్తికీ రెండు వేర్వేరు మీటర్లు పెట్టింది. కోపం తగ్గినంత మాత్రాన ఆశ పెరిగినట్టు కాదని అది ఒప్పుకుంది. ఈ వరుసలో నాకు నచ్చింది అదే.

అయితే చాలా ఆటలు వదిలేసిన అంకె ఇంకొకటి ఉంది: యుద్ధం ఎవరు ప్రకటించారు, ఎవరిని అడిగి ప్రకటించారు? ఆటలో సొంత రాజ్యం తరఫున ప్రకటించేది సాధారణంగా ఆడేవాడే, కాబట్టి ఆ ప్రశ్న పెద్దగా పుట్టదు. అదే యుద్ధంలో లండన్ మీద బాంబులు కురిశాయి, రేషను బిగిసింది, ఇళ్లు కూలాయి. తెనాలికి తగిలిన దెబ్బ దానితో పోలిస్తే చిన్నది. అయినా లండన్ ఓర్చుకుంది, తెనాలి మండింది. కష్టం పాళ్లతో దీన్ని వివరించలేం. లండన్ వాళ్లకు పార్లమెంటు ఉంది, తిట్టడానికి ప్రధానమంత్రి ఉన్నాడు, యుద్ధం అయ్యాక ఓటు వేసి దించడానికి కూడా వీలుంది, 1945లో దించారు. కోపం బయటికి పోయే కాలువ అది. 1939లో ఆ కాలువకు వైస్రాయి అడ్డుకట్ట వేశాడు.

అంటే ఆటను సరితూచేవాళ్లు చేయి పెట్టవలసింది ప్రతి పోరాటానికీ ఎన్ని పాయింట్లు చేరాలన్న అంకె దగ్గర కాదని నా తీర్పు. పాయింట్లు పోయే వేగం దగ్గర. అడిగి చేసిన యుద్ధంలో టర్నుకు పదో వంతు పోనివ్వండి, అడగకుండా చేసిన యుద్ధంలో ఇరవయ్యో వంతే పోనివ్వండి. మిగతావన్నీ ఒకేలా ఉంచండి.

నమ్మకం లేకపోతే నోటుబుక్కులో రెండు నిలువు వరుసలు గీసి చూడండి. రెండిట్లోనూ టర్నుకు 5 పాయింట్లు చేరతాయి, ఉన్నదానిలో నూటికి 5 తిరిగి వచ్చి పడతాయి. మొదటి వరుసలో పదో వంతు తీసేయండి, రెండో వరుసలో ఇరవయ్యో వంతు తీసేయండి. 40 టర్నులు అయ్యేసరికి మొదటి వరుసలో 87 ఉంటుంది, అది ఎన్నటికీ 100 దాటదు. రెండో వరుసలో 200 ఉంటుంది, నలభై ఒకటో టర్నులో 205 అవుతుంది.